కంటి శిబిరానికి మీ అమ్మగారిని పంపుతున్నారా?

ఆటోకు మైకు కట్టి, "వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు హైస్కూలు ఆవరణలో ఉచిత కంటి వైద్య శిబిరం" అని వీధి వీధికీ చెప్పుకుంటూ పోతుంటే మీరేం చేస్తారు? చాలామంది ఆ మోత దూరమయ్యేదాకా ఓర్చుకుని తిరిగి పనిలో పడతారు. కొందరు "మా అమ్మను పంపాలి" అనుకుంటారు. అనుకున్నవారిలో కొందరు నిజంగానే పంపుతారు. పంపినవారిలో ఎంతమంది, ఆపరేషను జరిగిన నెల రోజులకు ఆవిడను మళ్ళీ డాక్టరు దగ్గరకు తీసుకువెళతారు? ఈ వారం మనం మాట్లాడుకోబోయేది ముఖ్యంగా ఈ చివరి ప్రశ్న గురించి.

అనకాపల్లి జిల్లాలో అచ్యుతాపురం దగ్గర కొండకర్ల అనే ఊరుంది. ఆ పేరు వినగానే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేది అక్కడి ఆవ. మంచినీటి సరస్సు, దాని నిండా తామరాకులు, తాటిమానులు తొలిచి జతకట్టిన దోనెలు, చలికాలంలో దూరదేశాల నుంచి దిగే పక్షులు. దోనె నడిపేవాడికి కళ్ళే పెట్టుబడి. నీటి మీద నల్లచుక్కలా కదిలేది బాతో, నీటికాకో దూరం నుంచే చెప్పాలి.

ఆ ఒడ్డున ఉండే ఒక పెద్దావిడను ఊహించుకుందాం. అరవై అయిదేళ్ళుంటాయి. బియ్యంలో రాళ్ళేరే పని ఎప్పుడో కోడలికి వదిలేసింది. సాయంత్రం దీపం వేళకు గడప తడుముకుంటుంది. శిబిరం సంగతి విని కొడుకు అడుగుతాడు: "అమ్మా, టౌనోళ్ళు కళ్ళు సూత్తారట, ఎల్దామా?"

ఆవిడ జవాబు ఇలా ఉంటుంది: "వద్దు నాయనా. పువ్వు ఇంకా పండలేదు. అయినా నానెక్కడికి ఎల్తాను, ఇంటికాడే కదా ఉంటాను. ఉచితంగా సేసినోళ్ళు ఏటి బాగా సేత్తారు?"

ఈ నాలుగు మాటలలో ఒక్కటీ నిజం కాదు. కాని ఇవే మాటలు అనకాపల్లిలో వింటాం, అమలాపురంలో వింటాం, ఆదిలాబాదులోనూ వింటాం. వీటికి జవాబు చెప్పేముందు, ఆ మైకు కట్టిన ఆటోను పంపినవారెవరో కాస్త తెలుసుకుందాం. వాళ్ళ పద్ధతులు తెలిస్తే వాళ్ళ చేత ఏ పని చేయించుకోవచ్చో మీకే తెలుస్తుంది.

క్లబ్బువారి వారం

మన ఊళ్ళలో సేవా క్లబ్బులంటే ముఖ్యంగా రెండు: రోటరీ, లయన్స్. రెండూ అమెరికాలోని చికాగోలో పుట్టాయి. 1905 ఫిబ్రవరి 23న పాల్ హారిస్ అనే వకీలు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ కలిసి కూర్చున్నదే రోటరీకి మొదటి మీటింగు. ఒక వారం ఒకరి ఆఫీసులో, మరో వారం మరొకరి ఆఫీసులో వంతులవారీగా కలుసుకునేవారు కనుక ఆ పేరు వచ్చింది. లయన్స్ సంస్థను 1917లో మెల్విన్ జోన్స్ ప్రారంభించాడు. 1925లో చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకు వచ్చి, అంధుల పక్షాన నిలబడమని వారిని కోరింది. లయన్స్ క్లబ్బులు అప్పటినుంచీ కంటి పనిని తమ సొంత పనిగా చూసుకుంటున్నాయి.

మన చిన్న పట్టణాలలో కూడా సభ్యులు ఆ బాపతు మనుషులే. అనకాపల్లి వంటి ఊరయితే బెల్లం వ్యాపారి, ప్లీడరు, మందుల షాపు యజమాని, బ్యాంకు మేనేజరు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, ఒక లెక్చరరు. ఈ క్లబ్బులు ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకున్నది చాలా ఆలస్యంగా. లయన్స్ 1987లో, రోటరీ 1989లో. అంతకుముందు వారు సభ్యుల భార్యలుగా వచ్చి టీ పోసేవారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

రోటరీలో వారానికొక మీటింగు చిరకాలపు ఆచారం. 2016 నుంచి నియమం సడలించి నెలకు కనీసం రెండు మీటింగులుంటే చాలన్నారు. అయినా వారం వారం కలుసుకునే క్లబ్బులు ఇంకా ఉన్నాయి. లయన్స్ సాధారణంగా నెలకు రెండుసార్లు కలుస్తారు. అధ్యక్షుడు గంట కొడతాడు, కార్యదర్శి గత మీటింగు వివరాలు చదువుతాడు, కోశాధికారి లెక్క చెబుతాడు. లయన్స్‌లో "టెయిల్ ట్విస్టర్" అని ఒక పదవి ఉంది. తోక మెలిపెట్టేవాడని అర్థం. ఆలస్యంగా వచ్చినవాడికీ, బ్యాడ్జీ పెట్టుకోనివాడికీ నవ్వుతూ నవ్విస్తూ జరిమానా వేయడం ఆయన పని. ఆయనకు మాత్రం జరిమానా వేయాలంటే హాజరయిన సభ్యులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి!

రోటరీలో ఇంకో తమాషా మాట ఉంది. ఒక వారం మన క్లబ్బు మీటింగు తప్పిపోతే మరో ఊరి క్లబ్బు మీటింగుకు వెళ్ళి హాజరు వేయించుకోవచ్చు. దీన్ని "మేకప్" అంటారు. ముఖానికి రాసుకునేది కాదు, తప్పిపోయినదాన్ని భర్తీ చేసుకోవడం. ఈ మాటను గుర్తుంచుకోండి.

శిబిరం పుట్టేది ఇలాంటి మీటింగులోనే. ఒకరు షామియానా తనదంటారు, ఒకరు భోజనాల ఖర్చు పెట్టుకుంటారు, హెడ్మాస్టరుతో మాట్లాడేది ఒకరు, విశాఖపట్నంలోని కంటి ఆసుపత్రికి ఉత్తరం రాసేది మరొకరు. చుట్టుపక్కల ఏ ఊళ్ళకు మైకు పంపాలో, బస్సు ఎక్కడెక్కడ ఆగాలో అక్కడే రాసుకుంటారు. ప్రజల దగ్గర వసూలు చేసిన సొమ్మును సేవకే వాడాలి గాని క్లబ్బు ఖర్చులకు వాడకూడదని లయన్స్‌లో గట్టి నియమం. ఆ రెండింటికీ వేరువేరు ఖాతాలుంటాయి. కనుక మీరు ఇచ్చిన చందా లెక్క అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

శిబిరం రోజున ఏం జరుగుతుంది?

ఒకప్పుడు ఆపరేషన్లు కూడా హైస్కూలులోనే చేసేవారు. బల్లలు కలిపి, గదులు కడిగి, ఒక్కరోజులో వందలమందికి శుక్లాలు తీసేవారు. కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం.సి. మోదీ ఇలాంటి శిబిరాలకు దేశమంతటా పేరుపొందారు. ఆ రోజుల్లో కంటిలోని కటకాన్ని పూర్తిగా తీసివేసేవారు. దానికి బదులుగా సీసా అడుగంత మందం కళ్ళద్దాలిచ్చేవారు. ఆ అద్దాలు పగిలితే ముసలివాడు మళ్ళీ గుడ్డివాడే. మీలో పెద్దవారికి ఆ సోడాబుడ్డి అద్దాల తాతయ్యలు గుర్తుండే ఉంటారు.

ఇప్పుడలా కాదు. హైస్కూలులో జరిగేది పరీక్ష మాత్రమే. ఆపరేషను అవసరమైనవారిని బస్సులో కంటి ఆసుపత్రికి తీసుకువెళతారు. ఎందుకంటే కంటి లోపలికి సూక్ష్మజీవులు చేరితే ఒకటి రెండు రోజులలోనే కన్ను శాశ్వతంగా పోవచ్చు. తరగతి గదిని ఎంత కడిగినా అది ఆపరేషన్ థియేటరు కాదు. 1976లో కేంద్ర ప్రభుత్వం అంధత్వ నివారణ పథకం ప్రారంభించింది. 1994 నుంచి ప్రపంచ బ్యాంకు సాయంతో మన రాష్ట్రంతో సహా ఏడు రాష్ట్రాలలో నడిచిన పథకం వల్ల ఆసుపత్రిలో ఆపరేషను, కంటిలోనే కృత్రిమ కటకం అనే పద్ధతి బాగా వ్యాపించింది. ఎవరయినా బడిలోనో, కల్యాణ మండపంలోనో ఆపరేషను చేస్తామంటే ఒప్పుకోకండి.

ఉచితంగా చేసేది నాసిరకమా? ఇంగ్లండులో హెరాల్డ్ రిడ్లే అనే డాక్టరు మొదటిసారి కంటిలో కృత్రిమ కటకం పెట్టింది 1949లో. మనదేశంలో చాలాకాలం అది డబ్బున్నవారికే దొరికేది. 1992లో మదురై అరవింద్ కంటి ఆసుపత్రివారు ఆ కటకాలను సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టాక ధర పడిపోయింది. శిబిరం ద్వారా వెళ్ళినవారికి తరచుగా చిన్న కోతతో, కుట్లు లేకుండా చేసే ఆపరేషను చేస్తారు. డబ్బు కట్టేవారికి ఎక్కువగా యంత్రంతో శుక్లాన్ని కరిగించి పీల్చే పద్ధతి వాడతారు. రెండోదానిలో కోత ఇంకా చిన్నది, కన్ను కాస్త త్వరగా తేరుకుంటుంది. కాని అనుభవం గల డాక్టరు చేతిలో రెండింటిలోనూ చివరికి వచ్చే చూపు ఇంచుమించు ఒకటే. బాగా ముదిరిన శుక్లానికి మొదటి పద్ధతే మేలని చాలామంది డాక్టర్లు అంటారు.

పువ్వు పండనక్కరలేదు

శుక్లం ఒక పొర కాదు. పైనుంచి గీకేది కాదు. కంటి లోపల గాజులా స్వచ్ఛంగా ఉండే కటకమే వయసుతోపాటు మసకబారడం శుక్లం. చుక్కల మందుతో, ఆకు పసరుతో, తేనెతో ఇది కరగదు. కరిగిస్తామని ప్రకటనలు వేసేవారికి డబ్బు ఇవ్వకండి.

వెనుకటి ఆపరేషనుకు శుక్లం బాగా ముదరాలి. అందుకనే డాక్టర్లే "పండనీ, తరవాత రా" అనేవారు. ఆ మాట ఇంకా జనం నోట్లో ఉండిపోయింది. ఈనాటి ఆపరేషనుకు పండనక్కరలేదు. రోజువారీ పనికి ఇబ్బంది కలిగిన రోజే సరయిన రోజు. బాగా పండనిస్తే కటకం రాయిలా గట్టిపడి ఆపరేషను కష్టమవుతుంది. ఒక్కొక్కప్పుడు అది ఉబ్బి, కంటిలో ఒత్తిడి పెరిగి, కన్ను ఎర్రబడి, తలపగిలే నొప్పి, వాంతులు వస్తాయి. అప్పుడు శిబిరం కోసం చూడరాదు, ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మీ ఇంట్లో పెద్దవారిని ఈ విషయాలు అడిగి చూడండి. ఎదురుగా వచ్చే లారీ లైటు కళ్ళలో చెదిరి కనిపిస్తోందా? పచ్చచీర, నీలంచీర ఒకేలా ఉంటున్నాయా? కళ్ళద్దాల నంబరు ఏడాదికోసారి మారుతోందా? మరొకటుంది, చాలామందిని మోసగిస్తుంది. ఇరవై ఏళ్ళుగా చత్వారపు అద్దాలు లేనిదే పంచాంగం చదవలేని తాతగారు ఒకనాడు అద్దాలు తీసి గడగడా చదివేస్తారు. "ఈ వయసులో నా కళ్ళు బాగుపడ్డాయి" అని సంబరపడతారు. అది బాగుపడటం కాదు, శుక్లం మొదలయిందనడానికి గుర్తు కావచ్చు. పరీక్ష చేయించండి.

ఇక "నానెక్కడికి ఎల్తాను" అన్న మాట. ఈ మాట ఎక్కువగా అనేది ఆడవాళ్ళే. మగవాడికి చూపు తగ్గితే పొలం పని ఆగుతుంది, ఇల్లంతా గమనిస్తుంది. ఆడదానికి తగ్గితే ఆవిడ మెల్లగా పొయ్యి దగ్గరకు, అక్కడినుంచి అరుగు మీదకు జరిగిపోతుంది, ఎవరూ గమనించరు. శుక్లాల వల్ల చూపు పోయినవారిలో ఆడవాళ్ళే ఎక్కువగా ఉండటానికీ, వాళ్ళకు ఆపరేషన్లు ఆలస్యంగా జరగడానికీ ఇదొక కారణం. చూపు తగ్గిన ముసలామె ఇంట్లోనే ఉంటుంది, నిజమే. ఆ ఇంట్లోనే గడప తగిలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటుంది. క్లబ్బులో ఆడవాళ్ళు సభ్యులుగా ఉంటే ఒక లాభం ఏమిటంటే, వాళ్ళు మైకు మీద ఆధారపడకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి అడగగలరు.

శిబిరానికి వెళ్ళేటప్పుడు

ఉదయం టిఫిను పెట్టి పంపండి. ముఖ్య అతిథి రావలసింది తొమ్మిదింటికి, వచ్చింది పదకొండున్నరకు. ఈలోగా ఏమీ తినకుండా మందు మాత్రం వేసుకుని వచ్చిన మధుమేహ రోగులు వరుసలో కళ్ళు తిరిగి పడిపోవడం నేను చూశాను. ఆ క్లబ్బు పేరు వద్దు. పూలమాలలు తరవాత వేసుకోవచ్చు, ముందు పరీక్షలు మొదలుపెట్టండని క్లబ్బువారికి నా మనవి.

ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి ఇవ్వండి. రక్తపోటుకు, మధుమేహానికి వాడే మాత్రలే కాదు. గుండెజబ్బుకు రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. మగవారు మూత్రం సాఫీగా రావడానికి వాడే ప్రోస్టేటు మాత్రల సంగతీ చెప్పాలి. ఆ మాత్రలలో కొన్ని కంటిపాపను వదులు చేస్తాయి, ఆపరేషనులో చిక్కు తెస్తాయి. ముందే తెలిస్తే డాక్టరు జాగ్రత్తపడతాడు. "కంటికీ మూత్రానికీ ఏం సంబంధం" అని దాచేవాళ్ళు ఉన్నారు. దాచకండి.

శిబిరంలో మీ అమ్మగారికి శుక్లం లేదని చెప్పినా అంతటితో ఊరుకోరాదు. చూపు తగ్గడానికి వేరే కారణాలున్నాయి. నీటికాసులనే జబ్బులో కంటిలో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతింటుంది. తరచుగా నొప్పి ఉండదు, ఎదుటి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది, పక్క చూపు చడీచప్పుడు లేకుండా పోతుంది. శుక్లం వల్ల పోయిన చూపు ఆపరేషనుతో తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల పోయింది తిరిగి రాదు, మిగిలినదాన్ని కాపాడుకోవడమే. ఇంట్లో ఒకరికి ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు కూడా చూపించుకోవాలి. మధుమేహం ఉన్నవారు చూపు బాగానే ఉన్నా ఏడాదికొకసారి కంటి వెనుక పొరను పరీక్ష చేయించుకోవాలి.

చెరకు ఆకు గీసుకుంటే శిబిరం దాకా ఆగకండి

అనకాపల్లి ప్రాంతమంటే చెరకు, బెల్లం. చెరకు ఆకు అంచు రంపంలా ఉంటుంది. కోతల వేళ అది కంటి నల్లగుడ్డు మీద గీసుకుంటే ఆ గీత ద్వారా బూజు లోపలికి చేరి పుండు పడుతుంది. వరి కంకి, ధాన్యపు పొట్టు గుచ్చుకున్నా అంతే. మొదటి రోజు కాస్త గరగర, నీరు. నాలుగు రోజులకు తెల్లమచ్చ. చివరికి ఆ కన్ను పోతుంది.

ఇలాంటప్పుడు జనం చేసే పనులు మూడు: ఆకు పసరు పిండడం, చనుబాలు పోయడం, గూట్లో ఉన్న పాత చుక్కల సీసా వెతకడం. మూడూ ప్రమాదమే, మూడోది మరీను. అమ్మకు ఆపరేషను అయ్యాక మిగిలిన చుక్కల మందులో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది. ఆపరేషను అయిన కంటికి అది మేలు చేస్తుంది. బూజు చేరిన కంటిలో వేస్తే నిప్పుకు కిరసనాయిలు పోసినట్టే. శుభ్రమైన నీటితో కన్ను కడిగి, నలపకుండా, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. శిబిరం ద్వారా ఇచ్చిన మందు ఆ రోగికే. మిగిలితే పారేయండి.

అసలు పని బస్సు దిగాక

ఆపరేషను పావుగంటో, ఇరవై నిమిషాలో. దానికి ముందు కంటి చుట్టూ మత్తు ఇస్తారు. మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి, పళ్ళు చేతిలో పెట్టి, అందరినీ వరుసగా నిలబెట్టి ఫోటో తీస్తారు. అది పత్రికలో పడుతుంది. బస్సు ఊరికి వస్తుంది. చాలామంది లెక్కలో పని అయిపోయింది.

డాక్టరు లెక్కలో అప్పుడే మొదలయింది. చుక్కల మందు సుమారు నెల నుంచి ఆరు వారాల దాకా వేయాలి. మొదట రోజుకు చాలాసార్లు, వారం వారం తగ్గిస్తూ. ఎవరు వేస్తారు? ముసలామె తనంతట తాను వేసుకుంటే సగం చెంప మీద పడుతుంది. ఇంట్లో ఒక్కరు బాధ్యత తీసుకోవాలి. గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో గుర్తు పెట్టండి, వేసినప్పుడల్లా కొట్టేయండి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. కింది రెప్పను కాస్త లాగి ఒక్క చుక్క వేయండి, సీసా మూతి రెప్పకు తగలనీయకండి. రెండు రకాల మందులుంటే మధ్య అయిదు నిమిషాలు ఆగండి.

మొదటి వారాలలో తలస్నానం వద్దు, మెడ కిందుగా పోసుకోవచ్చు. రాత్రి నిద్రలో నలుపుకోకుండా కంటికి మూత పెట్టండి. కట్టెల పొయ్యి పొగ దగ్గరకు పంపకండి. బిందెలు మోయించకండి. కొండకర్లవంటి ఊళ్ళో ఇంకొక జాగ్రత్త ఉంది: తామరాకుకో, చేపకో ఆవలో దిగడం, చెరువులో మునగడం నెల రోజులు పూర్తిగా మానాలి.

పథ్యం మాత్రం ఏమీ లేదు. పప్పు తింటే చీము పడుతుందనీ, వంకాయ, చేప కూడదనీ పెద్దవారికి కారంపొడి మెతుకులు పెట్టే ఇళ్ళున్నాయి. పుండు మానాలంటే పప్పూ, గుడ్డూ, చేపా కావాలి. మధుమేహం ఉన్నవారు వారి పథ్యం వారు చేయాలి, మాత్రలు ఆపరాదు.

కన్ను కొద్దిగా గరగరలాడటం సహజం. కాని నొప్పి పెరుగుతున్నా, ఎరుపు పెరుగుతున్నా, పుసి పడుతున్నా, నిన్నటికంటె ఈరోజు చూపు మసకగా ఉన్నా రేపటిదాకా ఆగకండి. రాత్రయినా సరే, ఆపరేషను చేసిన ఆసుపత్రికి ఫోను చేసి బయలుదేరండి. "క్లబ్బువారు మళ్ళీ బస్సు వేస్తారేమో" అని రెండు రోజులు కాచుకున్న కన్నును ఎవరూ కాపాడలేకపోవచ్చు.

ఏ బాధా లేకపోయినా వారానికొకసారి, నెల దాటాక మరొకసారి చూపించాలి. ఆ రెండోసారి చాలా ముఖ్యం. కన్ను కుదుటపడ్డాక అప్పుడే దగ్గరి చూపుకు అద్దాలు రాస్తారు. ఆ అద్దాలు లేకపోతే ఆవిడకు దూరాన దోనె కనబడుతుంది గాని బియ్యంలో రాయి కనబడదు. "ఆపరేషను చేయించినా ఏటి లాభం" అంటుంది. పక్కింటావిడ అది విని తన ఆపరేషను మానుకుంటుంది.

మరో సంగతి. కొన్ని నెలలకో, ఏళ్ళకో చూపు మళ్ళీ మసకబారవచ్చు. "పువ్వు మళ్ళీ మొలిచింది" అంటారు. తీసిన శుక్లం మళ్ళీ రాదు. కటకాన్ని నిలిపే వెనుక పొర మసకబారుతుంది, అంతే. లేజరు కిరణంతో కొద్ది నిమిషాలలో సరిచేస్తారు. కోత లేదు, కట్టు లేదు. ఈ చిన్న సంగతి తెలియక ఏళ్ళ తరబడి మసకలో ఉండిపోయేవారున్నారు.

క్లబ్బువారికి ఒక మాట

ఈ పత్రిక చదివేవారిలో క్లబ్బు సభ్యులూ ఉంటారు. వారితో కాస్త నిష్ఠూరంగానే మాట్లాడతాను. మీకు కొత్త సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. జూన్ 30తో అధ్యక్షుడు మారతాడు, కార్యదర్శి మారతాడు, రిజిస్టరు ఎవరి బీరువాలోనో ఉండిపోతుంది. ఏడాది లెక్క చూపించుకోవాలని మే, జూన్ నెలల్లో హడావిడిగా శిబిరాలు పెడతారు. ఆ రోగులకు నెల దాటాక జరగవలసిన పరీక్ష జూలైలో పడుతుంది. కొత్తవారు ప్రమాణ స్వీకారపు సందడిలో ఉంటారు. ఆ ముసలివాళ్ళు ఎవరి లెక్కలోనూ ఉండరు. చివరి శిబిరాన్ని ఏప్రిల్‌లోపు ముగించండి. లేదా పాత కార్యదర్శే ఆ జాబితా పూర్తయ్యేదాకా చూసుకోవాలని మీటింగులో రాసుకోండి.

ఇది మీకు చేతకాని పని కాదు. పోలియో పనిలో రోటరీ 1985 నుంచి ఉంది. మనదేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులో కనబడింది. 2014 మార్చి 27న మన ప్రాంతానికి పోలియో లేదని ధ్రువపత్రం వచ్చింది. చుక్కలు వేసిన ఆదివారం ఒక్కటే ఆ పని సాధించలేదు. చుక్కలు పడిన పిల్లవాడి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టారు. పిల్లవాడు దొరకని ఇంటి తలుపు మీద ఎక్స్ అని రాశారు. తరవాతి రోజులలో ఆ ఎక్స్ ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు.

సభ్యుడు ఒక మీటింగు తప్పితే దానికి మేకప్ ఉంది కదా! ఆపరేషను అయినవారిలో రెండోసారి పరీక్షకు రానివారి పేరు పక్కన కూడా ఒక ఎక్స్ పెట్టండి. ప్రతి వారం మీటింగులో కోశాధికారి లెక్క చెప్పాక ఆ పేర్లు చదవండి. కొండకర్లలో ఇద్దరు రాలేదంటే, ఆ దారినే అచ్యుతాపురం వెళ్ళే సభ్యుడు ఒకరు కారు ఆపి కనుక్కుంటే చాలు. మొదటి బస్సుకు బ్యానరు కట్టారు, రెండో బస్సుకు ఎవరూ కట్టరు. ఖర్చు మాత్రం తక్కువే, వచ్చేవారు కొద్దిమందే కనుక. ఫోటోగ్రాఫరు ఖర్చు కూడా ఉండదు.

కార్యదర్శి ఫోను నంబరు ఇంట్లో రాసిపెట్టుకోండి. అది మరో పనికి కూడా కావాలి. నేత్రదానానికి చాలాచోట్ల కంటి బ్యాంకును పిలిపించేది ఈ క్లబ్బులవారే. పోయిన ఆరు గంటలలోపు కళ్ళు సేకరించాలి, కనుక కబురు వెంటనే అందాలి. రెప్పలు మూసి తడి దూది పెట్టండి, ఫాను ఆపండి, తల కింద దిండు పెట్టండి. కళ్ళద్దాలున్నా, శుక్లాల ఆపరేషను అయినా, మధుమేహం ఉన్నా ఇవ్వవచ్చు. ముఖం వికారం కాదు.

వచ్చే ఆదివారం శిబిరమని మైకు మీ వీధిలోకి వస్తే ఆటో ఆపండి. చీటీ రాసే ఆయన్ని రెండు మాటలు అడగండి: నెల దాటాక చూపించవలసిన తేదీ ఎప్పుడు? ఆ రోజు బండి ఎవరు పంపుతారు? ఆయన తేదీ చెబితే చీటీ వెనుక రాయించుకుని క్యాలెండరుకు గుచ్చండి. చెప్పలేకపోతే, అమ్మను ఎలాగూ పంపండి, ఆ రెండో ప్రయాణానికి బస్సు చార్జీలు మాత్రం మీరే తీసి పక్కన పెట్టుకోండి.